మోగని బరి

"నాయనా, ఈ పలకలకు మేకులెందుకు కొట్టారు?"

రంగస్థలం మీద కట్టిన కుస్తీ బరి చుట్టూ తిరుగుతూ అడిగాడు ముసలాయన. ఎప్పుడు లోపలికొచ్చాడో ఎవరూ చూడలేదు.

సెట్టు వేసిన బల్తసార్ తల తిప్పలేదు. ముసుగు వస్తాదుల మీద నాటకం. ఆ సాయంత్రమే మొదటి ఆట. మెక్సికో నగరమంతా గోడల మీద ఒకటే బొమ్మ, రాగి డేగ. నలభై ఏళ్లుగా బరిలో ముసుగు తీయని ఆ వస్తాదు, ఆఖరి రంగంలో తానే వచ్చి తాళ్లెక్కి, గాలిలో పల్టీ కొట్టి, వెన్ను మీద పడతానని మాటిచ్చాడు.

"మేకులు పీకించండి. అడుగున పెట్టిన దూలాలు కూడా తీయించండి. మనిషి పడితే పలక దిగి లేవాలి. ఇది దిగదు."

"దిగితే దబ్బుమని మోగుతుంది తాతా. అప్పుడు నటుల మాటలు నువ్వొచ్చి అరుస్తావా?" అన్నాడు బల్తసార్.

వడ్రంగి నికనోర్ కిసుక్కుమన్నాడు.

"మోగాలి బాబూ. మోగిందంటే దెబ్బ పలక తిన్నట్టు. మోగలేదంటే వెన్ను తిన్నట్టు."

అప్పుడు చూశాడు బల్తసార్. మాసిన టోపీ, వంగిన నడుము, చేతిలో తినడానికి తెచ్చుకున్న తమాలె, ఆకులో ఉడికించిన మొక్కజొన్న ముద్దల పొట్లం.

"ఎవరు నువ్వు? ఎప్పుడైనా బరి ఎక్కావా?"

"నేనెవరైతేనేం, పడేది మనిషేగా."

"ఊరూ పేరూ చెప్పలేనివాడు నాకు బరి కట్టడం నేర్పుతాడట, విన్నావురా నికనోర్!"

అందరూ నవ్వారు.

"పోనీ, రాగి డేగే వచ్చి అడిగితే?"

"ఆయనా? బండ మీద దూకమన్నా దూకుతాడు. పలక గట్టిగా ఉందని వణికేవాడైతే, ఇంట్లో కూర్చుని మొక్కజొన్నలు ఒలుచుకోమను. ఒరే, ఈ ముసలి మేకను బయట పారెయ్!"

నికనోర్ ముసలాయన కాలరు పట్టి గుమ్మం దాకా ఈడ్చాడు. పొట్లం చెదిరి మెట్ల మీద పడింది. ముసలాయన వంగి ఏరుకోలేదు. బట్టలు దులుపుకుని వెళ్లిపోయాడు.

నికనోర్ తిరిగొచ్చి బరి మీద కాలితో తట్టి చూశాడు.

"మాస్టారూ, ఓ నాలుగు మేకులు పీకనా?"

"పీకితే నీ వేళ్లు పీకుతా."

సాయంత్రం హాలు కిక్కిరిసింది.

తెర పక్కన రాగి డేగ కనబడగానే బల్తసార్ పరుగెత్తుకెళ్లి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

"మీ కోసమే కట్టానయ్యా ఈ బరి!"

ముసుగు ఊగింది. ఔననో కాదనో తెలియలేదు.

డేగ తాళ్లెక్కాడు. చేతులు చాచాడు. గాలిలో తిరిగాడు.

బరి మోగలేదు, బల్తసార్ కోరుకున్నట్టే.

లేవకపోవడం కూడా నాటకమే అనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

డాక్టరు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఊపిరాడట్లేదు. ముసుగు విప్పాలి."

ఆ మాటకు నటులు, వడ్రంగులు, హాల్లో జనం, ఒక్కొక్కరే వీపు తిప్పారు. వస్తాదు మొహం చూడడమంటే అక్కడ నడిబజార్లో మనిషి బట్టలు ఊడదీసినట్టే. పసిపిల్లల కళ్లు కూడా తల్లులు మూసేశారు.

తిరగడం మరిచిపోయింది బల్తసార్ ఒక్కడే. కోసిన ముసుగు కింద నుంచి, పొద్దున తాను గెంటించిన ముసలాయన రెప్ప వేయకుండా అతని వంకే చూస్తున్నాడు.