ఊహాచిత్రం

“మెట్ల తలుపుకి తాళం వేసింది ఆయనే,” అంది పెద్దావిడ. “మా సూపర్‌వైజరు.”

బొమ్మలు వేసే అమ్మాయి స్కెచ్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పింది. ఫొటోలు తీసే క్లాస్‌మేట్ వెలుతురు కోసం కిటికీ తెర పక్కకి జరిపాడు. కాలేజీలో అతన్ని అందరూ ‘కెమెరా’ అనే పిలుస్తారు.

ఈసారి కాలేజీ పత్రికలో ఊరి చరిత్ర వేద్దామన్నారు లెక్చరరు. కోటల గురించి, రాజుల గురించి ఎవరైనా రాస్తారు, మీరు మీ వీధుల గురించి రాయండి అన్నారు. వీళ్లిద్దరి వాటాకి కుట్టు ఫ్యాక్టరీ వచ్చింది. ఇప్పుడది సోఫాల షాపు. ముప్పై అయిదేళ్ల కిందట ఆ భవనం మూడో అంతస్తులో మంటలు లేచి పందొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. పొద్దున ఆ మాట ఎత్తితే, బేరాలు చెడగొట్టకండి బాబూ అని షాపువాళ్లు మర్యాదగానే బయటికి సాగనంపారు.

ఆరోజు బయటపడినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఈ పెద్దావిడ ఒక్కతే. కిటికీలోంచి దూకింది. కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేదు.

“తాళం ఎందుకు వేశారు?” అడిగాడు కెమెరా.

“టీకని కిందికి దిగి ఆలస్యంగా వస్తున్నామని. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. ఆ పూట కింద ఆఫీసులో ఉన్నాడు. పొగ చూసి పైకి రావాల్సిన మనిషి వీధిలోకి పరిగెత్తాడు. తర్వాత తలుపు తీసే ఉందని సాక్ష్యం చెప్పాడు. దాంతో కేసు మూతపడింది.”

“ఆయన ఫొటో ఏమైనా ఉందా?”

“మాకే ఫొటోలు లేవు, ఇంక ఆయనదా. పేరు కూడా తెలీదు, అందరం సారూ అనే పిలిచేవాళ్లం.”

“ఎలా ఉండేవాడో చెప్పండి పెద్దమ్మా,” అంది అమ్మాయి.

“కోలమొహం. ముక్కు కాస్త పెద్దది. ఎవరైనా మాట్లాడుతుంటే తల పక్కకి వాల్చి వినేవాడు. కనుబొమ్మ మీద గాటు ఉండేది.”

పెన్సిలు నడిచింది. అమ్మాయి తల ఎత్తలేదు. ఆ చెయ్యి తనది కాదన్నట్టు దాన్నే చూస్తూ కూర్చుంది. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

గాటు ఏ వైపో పెద్దావిడ చెప్పలేదు. కాగితం మీద అది ఎడమ వైపు పడింది.

“చెడ్డవాడా?” అడిగింది అమ్మాయి.

“అదే కదా తల్లీ. నా బిడ్డకి ఫిట్స్ వస్తే తన సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నేను అడగను కూడా లేదు. ఉత్త దుర్మార్గుడైతే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని.”

అమ్మాయి స్కెచ్‌బుక్ ఆవిడ వైపు తిప్పింది. పెద్దావిడ కళ్లజోడు వెతికి పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత పుస్తకాన్ని బోర్లించింది.

“ఆయనే,” అంది. “తీసుకుపొండి. ఇక్కడ ఉంచకండి.”

ఇద్దరూ బస్‌స్టాపుకి నడిచారు. అక్కడికి చేరాక కెమెరాకి నోరు ఆగలేదు.

“నాలుగు మాటలు విని మనిషిని దించేశావు. నీ చేతికి దండం పెట్టాలి. కింద ‘ఊహాచిత్రం’ అని వేద్దాం. లేకపోతే వాళ్ల తాలూకు ఎవరైనా గొడవకి వస్తారు.”

“అలా వేయొద్దు. పేరూ ఫొటో వేద్దాం.”

“పేరెక్కడిది? ఫొటో ఎక్కడిది? అసలు ఆయన బతికున్నాడో లేడో.”

బస్సు వచ్చి ఆగింది. అమ్మాయి స్కెచ్‌బుక్ సంచిలో పెట్టి జిప్పు లాగింది. టైమెంతైందో చెబుతున్నట్టుంది ఆమె గొంతు.

“రేపు తొమ్మిదింటికి కెమెరా తీసుకుని మా ఇంటికి రా, అప్పటికి తాతయ్య గడ్డం గీసుకుని బాల్కనీలో కూర్చుని ఉంటాడు.”