పళ్ళేనికి తెలియని ముద్దలు

హోటల్లో లాగే మా ఇంట్లోనూ పళ్ళేలే కేలరీలు చెప్తాయి. మా పాప లోహిత ఇంట్లో సరిగ్గా తినట్లేదని పళ్ళెం రోజూ పోరుతోంది. ఈ వారం కూడా లెక్క తగ్గితే పిల్లకి మూడు పూటలా హోటల్ భోజనమేనన్నారు ఆరోగ్య కేంద్రం వాళ్ళు.

ఇవాళ మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి పళ్ళెం ఏకంగా "సున్నా" అంది. ఆ లెక్క చూసి కాసేపటికే కేంద్రం నుంచి కమలాక్షి గారు వచ్చేశారు. ఆవిడని లోపలికి తీసుకెళ్ళాను.

వంటింట్లో అత్తయ్య ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం, నెయ్యి వేసి పిల్లకి ముద్దలు పెడుతోంది.

"ఎన్నో ముద్దే?" అన్నారు కమలాక్షి గారు.

"తొమ్మిది," అంది లోహిత నిండు నోటితో.

"పళ్ళెం సున్నా అంటోందే?"

"పళ్ళెంలో పెడితేగా దానికి తెలిసేది. కోడలు పనికెళ్ళాక రోజూ గిన్నెలోంచే తినిపిస్తా. నువ్వూ చెయ్యి చాపమ్మా," అంది అత్తయ్య.

మూడో ముద్ద తిన్నాక కమలాక్షి గారు "ఇంటి భోజనం చాలు" అని కాగితం మీద రాశారు. పళ్ళెం ఇంకా సున్నా అంటూనే ఉంది.