జున్ను రక్తం

రోజూ పొద్దున్నే జున్నుకి రక్తం మందు వెయ్యడం పనిమనిషి అప్పలనర్స పని. జున్ను మైథిలమ్మగారి పిల్లి. ఈ చుక్కల మందు వచ్చాక విశాఖలో పెంపుడు పిల్లి ఏదీ రక్తం లేక పాలిపోయి చావడం లేదు. ఒంట్లో రక్తం ఎంతుందో మెడపట్టీయే పైకి చెబుతుంది.

ఆ రోజు పిల్లి గింజుకుంటే అప్పలనర్స పట్టీతో సహా దాని మెడ ఒడిసిపట్టి చుక్కలు వేస్తుండగా పట్టీ అరిచింది. "రక్తం ఐదు. ప్రాణాపాయం."

మైథిలమ్మ పరుగెత్తుకొచ్చింది. "దాని మందు నువ్వు తాగేస్తున్నావుటే?"

"నా బిడ్డ మీద ఒట్టమ్మా, సుక్క ముట్టలేదు."

పది నిమిషాల్లో పిల్లుల డాక్టరు ఇంజెక్షన్‌తో దిగాడు. జున్నుని బల్లమీద పడుకోబెడితే పట్టీ పన్నెండంది. అప్పలనర్స పట్టుకోగానే మళ్లీ ఐదంది.

డాక్టరు నవ్వేశాడు. "పిల్లి నిక్షేపంలా ఉందండీ. పట్టీ ఈవిడ వేళ్లలో రక్తం లెక్కేస్తోంది."

"హమ్మయ్య! ఆ ఐదు పనిదానిదా!" మైథిలమ్మ జున్నుని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

మెట్లెక్కితే కళ్లు ఎందుకు తిరుగుతున్నాయో అప్పలనర్సకి ఇన్నాళ్లకు తెలిసింది. "బాబూ, ఆ సూది నాకేత్తారేటి?"

"పిల్లుల మందమ్మా ఇది," అంటూ డాక్టరు సూదిలోకి ఎక్కించిన మందు సింకులో పారబోశాడు.

మర్నాడు గుమ్మంలోనే మైథిలమ్మ రబ్బరు తొడుగులు చేతికిచ్చింది.

"ఇకమీదట ఇవి వేసుకునే పట్టుకో. నీ వల్ల పాపం జున్ను నిన్నంతా బెదిరిపోయింది."