వరండాలో బెంచీ

గైడు కాగితాల కట్టని బల్ల మీదికి విసిరికొట్టాడు.

"నాలుగేళ్ళ కష్టాన్ని మట్టిపాలు చేశావు కదమ్మా!"

పరిశోధకురాలి ముఖం పాలిపోయింది. ఆమె డాక్టరేటంతా ఆ కట్టలోనే ఉంది మరి.

దిగులు జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు నలభైమంది. వాళ్ళలో ఇరవైమందిని వారం వారం గదిలో కూర్చోబెట్టుకుని ఆమె మాటల చికిత్స చేస్తుంది. మిగతా ఇరవైమందికీ చికిత్స లేదు. బుధవారం వరండాలో కూర్చుని ప్రశ్నల కాగితం నింపి వెళ్ళిపోవాలంతే. వాళ్ళ వంతు పరిశోధన ముగిశాకే.

పక్షపాతం రాకూడదని వాళ్ళ పేర్లూ ముఖాలూ ఆమెకి తెలియనివ్వలేదు. అన్నీ నంబర్లే. ఎవరు ఏ నంబరో నర్సమ్మ ఒక్కదానికే తెలుసు.

తీరా చూస్తే, చికిత్స లేనివాళ్ళే భేషుగ్గా కోలుకుంటున్నారు!

"ఇక నీ చికిత్స దేనికి? నీకు డాక్టరేటు దేనికి?" అన్నాడు గైడు.

ఆమె విసవిసా వరండాలోకి వచ్చింది.

బెంచీ మీద మాసిన చొక్కాతో ఒక పెద్దాయన. చుట్టూ ఐదారుగురు. ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"ఎవరాయన?"

"అందరూ బెంచీ బాబాయ్ అంటారమ్మా," అంది నర్సమ్మ. "బుధవారాలు వచ్చినవాళ్ళ గోడు వింటాడు. ఏడిస్తే ఏడవనిస్తాడు. ఆనక ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడు."

దొంగ దొరికాడు! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ, ఇక్కడ మీకేం పని?"

పెద్దాయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"చిన్న పనుందమ్మా. ఏమిటని మాత్రం అడక్కండి."

"ఊసుపోక కబుర్లకి ఇదేమైనా పార్కా? ఇంకెప్పుడూ ఈ ఛాయలకి రాకండి."

"బుధవారం ఒక్కపూట రానివ్వు తల్లీ. ఆ మూల కూర్చుంటా. నోరు మెదపను."

"సెక్యూరిటీ!"

"వద్దమ్మా, పోనివ్వండి..." నర్సమ్మ అడ్డుపడబోయింది.

"ఏం, ఎందుకు వద్దు?"

నర్సమ్మ చేతిలోని నంబర్ల పుస్తకం మూసేసింది.

సెక్యూరిటీవాడు పెద్దాయన్ని రెక్క పట్టుకుని మెట్లు దించి వచ్చాడు. నీళ్ళ సీసా బెంచీ మీదే ఉండిపోయింది.

రెండు నెలలు తిరిగేసరికి లెక్కలు దారికొచ్చాయి. చికిత్స ఉన్నవాళ్ళు కోలుకున్నారు. లేనివాళ్ళు కుంగిపోయారు. ఎంత ముచ్చటైన తేడా!

"ఇదీ పరిశోధనంటే!" గైడు మురిసిపోయాడు. "ఏడో నంబరు కాగితాలే మధ్యలో ఆగిపోయాయి. కారణం ఏదో ఒకటి రాసెయ్."

'ఇష్టం లేక మానుకున్నారు' అని రాసేసింది.

డాక్టరేటు వచ్చిన రోజు అందరికీ స్వీట్లు పంచింది. నర్సమ్మ మాత్రం ముట్టుకోలేదు.

"ఏడో నంబరు మానుకోలేదమ్మా. ప్రాణం తీసుకున్నాడు. మూడోరోజుకి గాని పక్కవాటావాళ్ళకి తెలియలేదు."

"అయ్యో! అప్పుడే చెప్పొద్దూ?"

"ఎవరు ఏ నంబరో చెప్పొద్దన్నది మీరేగా. బయటపెట్టకూడదని వాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టించారు."

నర్సమ్మ ఏడో నంబరు ఆఖరి కాగితం ఆమె చేతిలో పెట్టింది. 'మాట్లాడుకోవడానికి మీకు మనుషులున్నారా?' అన్న ప్రశ్న దగ్గర 'ఉన్నారు', 'లేరు' రెండూ కొట్టేసి ఉన్నాయి. కింద వణికిన అక్షరాలతో 'ఉండేవారు' అని ఉంది.

"రాత ఇలా వంకరపోయిందేం?"

"గేటు బయట నిలబడి నింపిచ్చాడమ్మా," అంది నర్సమ్మ. "లోపలికి రానివ్వొద్దన్నారుగా మీరు, మన బెంచీ బాబాయ్‌ని."