కాళ్లు ఎత్తిన నిమిషం

ఆగస్టు ఇరవై రెండు, గురువారం. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో బగారన్నం, దాల్చా. డాక్టర్ రవీందర్ నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, పైనుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిదో బెడ్డు పేషెంటుకు బీపీ పడిపోతోందట.

ఎనిమిదో బెడ్డు మీద ఉన్నది బాలనర్సయ్య. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ముందురోజే గుండెకు బైపాస్ అయింది. నోట్లో గొట్టం, వెంటిలేటర్ మీద ఊపిరి. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు.

రవీందర్ తేల్చుకోవాల్సింది ఒక్కటే. సెలైన్ ఎక్కించాలా, వద్దా? ఒంట్లో రక్తం చాలక బీపీ పడితే సెలైన్ బతికిస్తుంది. గుండే నీరసించి పడితే, అదే సెలైన్ ఊపిరితిత్తుల్లో చేరి ముంచేస్తుంది.

తెలుసుకోవడానికి ఓ పరీక్ష ఉంది. రిమోట్ నొక్కి, మంచం తల వైపు దించి కాళ్ల వైపు ఎత్తుతారు. కాళ్లలోని రక్తం గుండెకు జారుతుంది. నిమిషంలో మానిటర్ మీద బీపీ నంబరు పెరిగితే సెలైన్ ఇవ్వొచ్చు. పెరగకపోతే ఇవ్వకూడదు. కాళ్లను చేతులతో ఎత్తరు. ఒళ్లు ఉలిక్కిపడితే నంబరు ఉత్తినే పెరిగి లెక్క తప్పుతుంది.

నర్సు జాస్మిన్ రిమోట్ నొక్కింది. ఎనభై నాలుగు. నిమిషం గడిచింది. ఎనభై ఐదు.

"పెరగలేదండీ సార్."

"సెలైన్ వద్దు. బీపీ నిలబెట్టే మందు డోసు కొంచెం పెంచు. గంటాగి మళ్లీ చూద్దాం."

బయట లిఫ్టు పక్కన భూలక్ష్మి నిలబడి ఉంది. బాలనర్సయ్య భార్య. మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఊడ్చి తుడిచే పని. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు అలాగే వేలాడుతోంది.

"ఎట్లున్నడు సారూ?"

రవీందర్‌దీ ఆమె ఉండే బోరబండ పక్క బస్తీయే. ఆమెకు తెలిసిన భాషలోనే చెప్పాడు.

"బోరు సంగతి ఎరికే గదమ్మా. నీళ్లు పైకొస్తలేవు. బోర్ల నీళ్లే తక్కువున్నయా, మోటరు కమ్‌జోరైందా, అది చూస్తున్నం."

"ఎట్ల తెలుస్తది?"

"కాళ్లు లేపుతం. నంబరు పెరిగితే నీళ్లెక్కిస్తం."

"పెరిగిందా?"

"పెరగలే."

"పెరగకుంటే?"

"పెరగకుంటే మోటరే కమ్‌జోరున్నట్టు. జర కష్టమే. గంటాగి మళ్ల చూస్తం."

ఆమె మెల్లగా అడిగింది.

"గంట తర్వాత మళ్ల చూస్తరంట గద. అప్పుడు నన్ను ఆయన కాడ నిలవడనియ్యిండ్రి సారూ. మాట్లాడ. ఏడ్వ."

రూలు ప్రకారం కుదరదు. రవీందర్ ఆమె ముఖం చూసి రూలు పక్కనపెట్టాడు. చేతులు కడిగించి, గౌను తొడిగించి, కాళ్ల వైపు నిలబెట్టాడు. తల వైపు అన్నీ గొట్టాలే.

జాస్మిన్ రిమోట్ నొక్కింది. రవీందర్, జాస్మిన్ ఇద్దరి కళ్లూ మానిటర్ మీదే. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. తొంభై ఎనిమిది.

రవీందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

"భార్య వచ్చిందని తెలిసినట్టుందండీ సార్," అంది జాస్మిన్.

"ముప్పై ఏండ్ల సంది నా మాట ఒక్కటన్న ఇనలే," అంది భూలక్ష్మి. "ఇప్పుడింటుండు."

రవీందర్ నవ్వాడు. సెలైన్ పెట్టమన్నాడు.

సాయంత్రం మళ్లీ పరీక్ష. ఈసారి ఆమెను తనే పిలిపించాడు. నంబరు మళ్లీ పెరిగింది. మళ్లీ సెలైన్. శుక్రవారం పొద్దున కూడా అంతే.

"సార్, ఇచ్చింది నిలవట్లేదండీ," జాస్మిన్ గొంతు తగ్గించి అంది. "కాళ్లెత్తినప్పుడు పెరుగుతోంది. సెలైన్ ఇచ్చాక మళ్లీ పాత నంబరుకే వస్తోంది."

అతనికీ అది అర్థం కావడం లేదు. కానీ నంబరు కళ్లముందే ఉంది. మొదటి పరీక్షలోనే ఏదో తేడా జరిగి ఉంటుందనుకున్నాడు. ఇంకో సీసా పెట్టమన్నాడు.

మధ్యాహ్నానికి ఆక్సిజన్ పడిపోయింది. గొట్టంలోకి నురగ వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ నీరు నిండి తెల్లగా ఉన్నాయి. నాలుగు గంటలకు బాలనర్సయ్య గుండె ఆగిపోయింది.

రాత్రి ఎనిమిదయింది. రవీందర్ ఇంటికి వెళ్లకుండా తన గదిలోనే కూర్చున్నాడు. కిటికీ అవతల ఆఫీసు టవర్లలో ఏ అంతస్తులోనూ దీపాలు ఆరలేదు. ముందు ఛార్టు పరిచి ఉంది. మొదటిసారి పెరగలేదు. తర్వాత మూడుసార్లూ పెరిగింది. ఎన్నిసార్లు చూసినా తప్పెక్కడుందో దొరకలేదు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. భూలక్ష్మి.

"వ్యాన్ల ఎక్కించిన్రు సారూ. మా మరిది ముందల కూసున్నడు. బోరబండకు పోతున్నం. చెప్పి పోదామని వచ్చిన."

రవీందర్ లేచి నిలబడ్డాడు.

"నా చేతులనే పోయిండమ్మా. పరీక్ష మూడుసార్లు మంచిగనే వచ్చింది. యాడ తప్పిందో సమజైతలేదు."

"మీరు పరేషాన్ గాకుండ్రి. నన్ను పక్కన నిలవడనిచ్చిన్రు. గట్ల ఎవరిస్తరు సారూ?"

ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మెత్తగా అతన్ని ఎవరూ క్షమించలేదు.

"నేను గూడ శాతనైనంత చేసిన సారూ, మీరు కాళ్లు లేపి నంబరు దిక్కు చూసినప్పుడల్లా, అది పెరగాలని దుప్పటి కింద ఆయన అరికాల్ల గోరు గుచ్చి పట్టుకున్న," అని చెప్పి, భూలక్ష్మి చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.