భుజం మీద తెల్ల గీత

ఫోటో తెలియని నంబరు నుంచి వచ్చింది. హోటల్లో ఎర్ర సోఫా మీద తన భర్త. అతని భుజానికి ఆనుకుని ఎవరో పొట్టి జుట్టామె.

 మొన్ననే తన అక్క ఫోన్ చేసి ఇలాంటి మాటే చెప్పింది.

"చెప్పకూడదనుకున్నానే. మీ ఆయన్ని హోటల్లో ఎవరితోనో చూశా. నా కళ్లతో చూశా."

ఆ సాయంత్రమే భర్తను అడిగేసింది. అతను కోప్పడలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు. అక్క అని చెప్పింది. "మొదట్నుంచీ నేనంటే ఆవిడకి గిట్టదుగా" అని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఫోటో చూపిస్తే మాత్రం ఒకటికి రెండుసార్లు చూశాడు.

"ఈ సోఫా నేనెప్పుడూ చూళ్లేదు. సరే, నా మాట నమ్మకు. నువ్వు రోజూ చేసే పనే కదా, నువ్వే చూసుకో."

నిజమే. ప్రకటనల కంపెనీలో ఆమె పని బొమ్మలు అతకడమే. ఒక ఫోటోలోంచి మనిషిని కత్తిరించి, ఇంకో ఫోటోకి తగ్గట్టు వంచి, దాని మీద పెట్టాలి. వంచిన ప్రతిసారీ అంచు వెంట ఓ పాడు తెల్ల గీత తేలుతుంది. ఆ గీతను ఆమె తిట్టే తిట్లు ఇంట్లోవాళ్లకి కంఠతా వచ్చు.

కంప్యూటర్లో ఫోటోను పెద్దది చేసింది. పొట్టి జుట్టామె అంచులు శుభ్రంగా ఉన్నాయి.  మెల్లగా భర్త భుజం దగ్గరికి వచ్చింది.

గీత ఉంది. వెంట్రుకంత సన్నగా, తెల్లగా, మెట్లు మెట్లుగా.

అయినా తొందరపడలేదు. కొన్ని ఫోన్ కెమెరాలు కూడా ఇలాంటి గీతలు గీస్తాయి. పైగా ఆ చొక్కా, ఆ కాలరు మడత ఎక్కడో చూసినట్టుంది. పాత ఫోటోలు వెతికితే దొరికింది. అక్క కొత్తింట్లో, తెల్ల గోడ ముందు, అక్కే తీసిన ఫోటో. అక్క దగ్గరా, తమ ఇద్దరి దగ్గరా తప్ప అది ఇంకెక్కడా లేదు.

అందులోంచి భర్తను కత్తిరించింది. కాస్త పక్కకి వంచి సోఫా ఫోటో మీద పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయాడు. అదే గీత. అంచున ఒక్కో చుక్కలో సగం మనిషి రంగు, సగం గోడ రంగు. వంచేసరికి గోడ తెలుపు బయటికి పాకింది. ఆ అంచును కాస్త లోపలికి కోసి, మిగిలిన తెలుపు తీసేసి చూసింది. గీత మాయమైంది. చేతకానివాళ్లెవరో ఈ పాటి కూడా చెయ్యకుండా వదిలేశారు.

అక్కకి ఫోన్ చేసింది.

"నన్ను పెంచిన చేతుల్తోనే ఇదేం పనక్కా?"

"ఏ ఫోటోనే? నేనేం పంపలేదు. చూసింది చెప్పా, అంతే."

"అమ్మ పోయాక నువ్వే అమ్మవనుకున్నా. ప్రాణం అడిగినా ఇచ్చేదాన్ని. నా కాపురమే కావాల్సొచ్చిందా నీకు?"

అవతల అక్క ఏడుస్తోంది. ఈమె ఫోన్ పెట్టేసింది.

కొన్నాళ్లకి అక్క నుంచి ఓ ఫోటో వచ్చింది. హోటల్ గుమ్మంలో భర్త, పక్కన అదే పొట్టి జుట్టామె. కింద ఒక్క ముక్క: "ఇది నేనే తీశా."

పెద్దది చేసి చూసింది. ఎక్కడా గీత లేదు. నీడలు కూడా కుదిరాయి. ఈసారి పనితెలిసినవాళ్ల చేత చేయించింది అనుకుంది. అక్క నంబరు బ్లాక్ చేసి, బల్ల మీద తల వాల్చేసింది. మన వేలే మన కంట్లో పొడిస్తే ఎవరితో చెప్పుకోవాలి?

"ఊరుకో. అయినవాళ్లే ఇలా చేస్తే ఏం చేస్తాం?" అన్న భర్త మాటతోపాటు ఆమె తల మీద పడి మెల్లగా జుట్టు నిమిరింది, మొదటి ఫోటోను తెల్ల గీత ఆమె కంట పడేలా అతికించి పంపిన చెయ్యి.