ఖాళీ తక్కెడ

"మందు జాడే లేదా? సరిగ్గా చూశారా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఒకటికి మూడుసార్లు చూశాం బాబాయ్‌గారూ," అంది డాక్టరమ్మ. "పిన్నిగారు వచ్చినప్పుడల్లా తీసిన రక్తం దాచిపెట్టాం కదా. ఒక్కదాంట్లోనూ మందు కనిపించలేదు."

"ఆవిడకి మీరిచ్చింది మందు లేని ఉత్త మాత్రలేమో. ఈ పరిశోధనలో సగంమందికి అవే ఇస్తామని మొదట్లో చెప్పారుగా."

"ఎవరికి ఏది వెళ్తోందో అప్పుడు మాకూ తెలీదు. ఆవిడ పోయాక ఆ వివరాలు తెరిచి చూశాం. ఇచ్చింది అసలు మందే."

పెద్దాయన తల ఊపాడు. భార్య పోయి ఇంకా నెల కాలేదు. ఇంతవరకూ ఆయన కళ్ళు తడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళే ఏడ్చి, ఆయన్ని వింతగా చూసి వెళ్ళిపోతున్నారు. ఆకలేస్తే తింటున్నాడు, ఆవిడ నింపి పెట్టి వెళ్ళిన డబ్బాలోంచి మాత్రలు వేసుకుంటున్నాడు, చీకటి పడితే పడుకుంటున్నాడు. మనసంతా మొద్దుబారిపోయింది. ఇవాళ ఆస్పత్రిలో లిఫ్టు పనిచేయక రెండంతస్తులు మెట్లెక్కి వచ్చినా ఆయాసమే తెలియలేదు. ఏడుపే రానివాడికి ఆయాసం మాత్రం ఎందుకొస్తుందిలే అనుకున్నాడు.

"అంటే మా ఆవిడ మందు మింగలేదంటారు."

"అలాగే అనుకోవాల్సి వస్తోంది. ఖాళీ సీసాలు మాత్రం తప్పకుండా తెచ్చి ఇచ్చేవారు. కొంతమంది కొత్త మందంటే భయపడి పారేస్తుంటారు. మాకు చెబితే ఏమంటామో అని దాస్తారు." డాక్టరమ్మ ఫైలు మూసింది. "పిన్నిగారిని ఈ పరిశోధన లెక్కలోంచి తీసేయాలి బాబాయ్‌గారూ. ముందు మీకు చెప్పాలని పిలిచాను."

పెద్దాయన తలెత్తి చూశాడు. తీసేయాలి అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది.

గుండెకి పనిభారం పెంచే ఒక హార్మోను ఉంటుందట. దాన్ని అణిచే మాత్ర ఇది. ఆ సంగతి ఆవిడ పాలవాడితో సహా అందరికీ చెప్పేది. నా గుండె నలుగురికీ పనికొస్తోంది అనేది. "శాస్త్రవేత్తగారూ, కాఫీ ఏమైంది?" అని ఈయన ఆటపట్టించేవాడు.

నిజానికి గుండె నీరసం ఇద్దరికీ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క రుచీ కలవలేదు, జబ్బు మాత్రం కలిసింది అని ఆవిడ నవ్వేది. పరిశోధనలో చేరడానికి ఇద్దరూ కలిసే వచ్చారు. మూత్రపిండాలు బాగాలేవని ఆయన్ని వద్దన్నారు. ఆవిణ్ణి చేర్చుకున్నారు. ఆ రోజు బస్సులో ఆవిడ ఇంటికి చేరేదాకా నోరు విప్పలేదు. ఇకనుంచి ఒక్కతే రావాలని బెంగపడుతోంది కాబోలని ఆయన అనుకున్నాడు.

"మందుల దగ్గర మా ఆవిడ ఎంత గట్టిదో మీకు తెలీదమ్మా," అన్నాడు. "నేను మాత్ర మింగేదాకా ఎదురుగా నించుని చూసేది. గొంతు దిగిందో లేదో నోరు తెరిపించేది. అలాంటి మనిషి తన మాత్రలు చెత్తబుట్టలో పోస్తుందా?"

"మరి రక్తంలో ఎందుకు లేదంటారు?"

"మీ యంత్రం తప్పు."

డాక్టరమ్మ విసుక్కోలేదు. పెద్దాయనే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"నేను నలభై ఏళ్ళు కాటాలు బాగుచేసి బతికాను. కాటా మీద అనుమానం వస్తే మేం ముందు ఖాళీ తక్కెడ చూస్తాం. ఏమీ పెట్టకుండానే అది బరువు చూపించిందంటే ఇక దాని మాట నమ్మం."

"మా దగ్గరా అదే పద్ధతి. ఈ మందు వాడనివాళ్ళ రక్తం పెట్టి సరిచూస్తాం."

"అయితే నాది పెట్టండి. నాకూ ఇమ్మంటే మీరే వద్దన్నారుగా. నాకంటే ఖాళీ తక్కెడ మీకెక్కడ దొరుకుతుంది?"

"బాబాయ్‌గారూ, దానివల్ల ఏం..."

"నాలో కూడా మందుందని చెప్పిందనుకోండి, అబద్ధాలకోరు మీ యంత్రమే, మా ఆవిడ కాదు. అప్పుడు ఆవిణ్ణి లెక్కలోనే ఉంచాలి. ఒప్పుకుంటారా?"

ఈ పెద్దమనిషికి ఈపాటి తృప్తి అయినా ఉండనీ అనుకుందేమో, డాక్టరమ్మ సరేనంది. టెక్నీషియన్ వచ్చి రక్తం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. డాక్టరమ్మా లేచి అతని వెనకే వెళ్ళింది.

పెద్దాయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకి గుండె బొమ్మ ఉంది, ఎరుపూ నీలం రంగుల్లో. నీళ్ళ బాటిల్ మూత తిప్పి, తాగడం మర్చిపోయి, మళ్ళీ బిగించాడు. ఆవిడ పోయాక ఆయనకి ఏదైనా కావాలనిపించడం ఇదే మొదలు. ఆ యంత్రం ఒక్కసారి తప్పు చెబితే చాలు. ఒక్క అబద్ధం ఆడితే చాలు. మా ఆవిడ పరువు నిలబడుతుంది.

మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ వచ్చి బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుంది.

"మీ మాట మీద నా రక్తం కూడా పెట్టించాను. మా టెక్నీషియన్‌ది కూడా," అంది నెమ్మదిగా. "రెండింట్లోనూ ఏమీ లేదు. యంత్రం బాగానే ఉంది."

పెద్దాయన మొహం వాడిపోయింది. చేతిలోని నీళ్ళ బాటిల్ వైపు చూసుకున్నాడు.

"అయితే తీసేయండి," అన్నాడు. "పాపం, ఎంత గొప్పగా చెప్పుకునేదో. వెళ్ళొస్తానమ్మా."

లేవబోతుంటే డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీ రక్తంలో మందు ఉంది బాబాయ్‌గారూ."